చిల్లు పడిన రాజముద్ర

టెలిగ్రాఫ్ స్టాంపులు సేకరిస్తానంటే, 'అంటే పోస్టల్ స్టాంపులేగా?' అంటారు. కాదు. తపాలా బిళ్ళ ఉత్తరంతో పాటు ఊళ్ళు తిరుగుతుంది. తీగ మీద వెళ్ళేది మాటలే కాబట్టి, టెలిగ్రాఫ్ బిళ్ళ పంపినవాడి ఫారం మీదే, ఆఫీసులోనే ఆగిపోతుంది. మన దగ్గర 19వ శతాబ్దంలో విక్టోరియా తల రెండుసార్లు అచ్చేసిన పొడుగాటి బిళ్ళలుండేవి. అడ్డంగా కోసి పై సగం రసీదుతో ఇచ్చేవాళ్ళు, కింది సగం ఆఫీసుది. అందుకే ఇప్పుడు దొరికేవి ఎక్కువగా పై సగాలే.

నన్ను పట్టుకున్నవి మాత్రం స్పెయిన్‌వి. 1864 నుంచి వచ్చిన ఆ బిళ్ళల్లో చాలావాటి మీద రాజు ముఖం కాదు, రాజముద్ర ఉంటుంది: కాస్టీల్ కోట, లియోన్ సింహం. రాచరికం నాటి వాటిపైన కిరీటం, నడుమ బూర్బన్ వంశపు లిల్లీ పూలు. 1931లో రాజు దేశం విడిచాక రిపబ్లిక్ ఆ లిల్లీలు తీసేసింది, కిరీటం బదులు కోటగోడ ఆకారం పెట్టింది. అంతర్యుద్ధం ఇంకా నడుస్తుండగానే, 1938లో, ఫ్రాంకో పక్షం డాలు వెనక ఓ గద్దను నిలబెట్టింది. 1940ల టెలిగ్రాఫ్ బిళ్ళల మీద ఆ గద్దే కనిపిస్తుంది. ఆల్బంలో వరసగా పెడితే కోటా సింహం కదలవు. వాటి చుట్టూ ఉన్నవే మారుతుంటాయి. పదేళ్ళు కూడా నిండకుండా మూడు ప్రభుత్వాలు, ఒకటే డాలు.

వీటిలో చాలావాటికి గుండ్రటి చిల్లు ఉంటుంది. వాడిన బిళ్ళను మళ్ళీ వాడకుండా ఆఫీసు వాళ్ళే పొడిచేవాళ్ళు. చిల్లున్నవి చవక, లేనివి ఖరీదు. నేను మొదట చిల్లువే కొన్నాను, డబ్బుల్లేక. వీలైనప్పుడు మంచివాటితో మార్చేద్దామనుకున్నాను.

ఇప్పుడు మార్చాలని లేదు. చిల్లు లేని బిళ్ళ ఎప్పుడూ ఏ కబురూ పంపి ఉండకపోవచ్చు. చిల్లున్నదాని వెనక మాత్రం ఎవరో కౌంటర్ ముందు నిలబడి, ఒక్కో మాటకీ డబ్బు లెక్కేసుకుని, ఇంట్లో చావో పుట్టుకో కబురు పెట్టి ఉంటారు. ఆ డాలు మీద కిరీటం ఉందా గద్ద ఉందా అని వాళ్ళని ఎవరూ అడగలేదు. ఆ కబురేమిటో నాకెప్పటికీ తెలీదు. తన ముద్రకి తానే చిల్లు పెట్టుకున్న ప్రభుత్వం సంగతి చరిత్ర పుస్తకాల్లో దొరుకుతుంది.

మన దేశంలో టెలిగ్రాం సేవ 2013 జులైలో ఆగిపోయింది. నేను ఒక్కటి కూడా పంపలేదు.