సొరకాయ బుర్ర

అశోక్‌నగర్ గదుల్లో గ్రూప్స్‌కు చదివే మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆదివాసీ చరిత్ర అంటే కుమ్రం భీం, జోడేఘాట్, 1940 అని టకటకా చెప్తారు. చెప్పాలి కూడా. ఇంటెనక పెరడు మాత్రం ఏ బిట్‌లోనూ రాదు.

పెరట్లోని మొక్కజొన్న, మిర్చి అమెరికా ఖండం పంటలు. 1498లో పోర్చుగీసువాళ్లు మన తీరం చేరిన తర్వాతే ఇక్కడికొచ్చాయి. సొరతీగ అంతకంటే చాలా పాతది. ఆఫ్రికాలో పుట్టి, వేల ఏళ్ల కిందటే ఆసియాకు చేరింది. లేతకాయ కూరకు. పందిరి మీద రెండు కాయలు ముదరనిస్తే నడివేసవికి ఎండి గలగలమంటాయి. మెడ దగ్గర కోసి లోపలిది తీస్తే నీళ్లకు, జావకు, కల్లుకు బుర్ర. రాలిన గింజలు తొలకరికి విత్తనం.

కాయను ఇట్లా ఆగనిచ్చే పద్ధతి మన పండుగల్లోనూ ఉంది. కోయ, కొండరెడ్డి ఊళ్లలో మామిడైనా చిక్కుడైనా కొత్త పండుగ చేసి వేల్పులకు పెట్టేదాకా నోట పెట్టరు. భక్తి సరే, ముదరని కాయలో విత్తనం దక్కదన్న లెక్క కూడా అందులో ఉందని నాకనిపిస్తుంది.

ప్లాస్టిక్ సీసా వచ్చాక బుర్రతో పని తగ్గింది. దాంతో కాయను ముదరనిచ్చేవాళ్లూ తగ్గారు. ఈసారి ఊరెళ్తే అవ్వనడిగి రాసుకోండి: ఏ గింజ ఎవరింటి నుంచి వచ్చింది, ఇప్పుడెవరి దగ్గర ఉంది.