పుదుచ్చేరి గవ్వల లెక్కలో 1600984

పెద్ద సంఖ్యలకు కూడా చరిత్ర ఉంటుంది. అటువంటి ఒక సంఖ్య 1600984.

మద్రాసు నక్షత్రశాలలో పనిచేసి, తరువాత పుదుచ్చేరిలో స్థిరపడిన జాన్ వారెన్ అక్కడ ఒక తమిళ పంచాంగకర్తను కలిశారు. ఆ పంచాంగకర్త కాగితం, కలం లేకుండా నేలమీద గవ్వలు పేర్చి, 1825 మే 31 రాత్రి చంద్రగ్రహణాన్ని గణించాడు. వారెన్ ఆ పద్ధతిని ‘కాలసంకలిత’ గ్రంథంలో నమోదు చేశారు. అంతకు ముందే, శుక్రగ్రహ సంక్రమణాన్ని చూడటానికి వచ్చిన ఫ్రెంచి ఖగోళజ్ఞుడు లె జెంటీల్ 1768-69 ప్రాంతంలో ఇదే పద్ధతిని పుదుచ్చేరిలో నేర్చుకున్నారు.

ఇందులో నాలుగు సంఖ్యలు కీలకం: 1600984, 12372, 3031, 248. చంద్రుడు భూమికి అతి దూరంగా ఉండే స్థానం నుండి బయలుదేరి మళ్ళీ అటువంటి స్థానానికే చేరడానికి సుమారు 27.55455 రోజులు పడుతుంది. అటువంటి 9 ఆవృత్తులకు దాదాపు 248 రోజులు, 110 ఆవృత్తులకు 3031, 449 ఆవృత్తులకు 12372. ఇవి ఒకదానితో ఒకటి ముడిపడినవే: 4 × 3031 + 248 = 12372. ఇక 1600984 అనేది కలియుగారంభం నుండి లెక్కించిన ఒక రోజు. అది క్రీ.శ. 1282లో వస్తుంది. ఆనాటి సూర్యోదయానికి చంద్రుడు అతి దూర స్థానం దగ్గర ఉన్నాడు. అందుకే లెక్క అక్కడి నుండి మొదలవుతుంది.

ఇప్పుడు మనమే చేసి చూద్దాం. కలియుగారంభం నుండి 1825 మే 31కి గడచిన రోజులు 1799312. దీనిని 7తో భాగిస్తే శేషం 4. కలియుగం శుక్రవారం మొదలైంది కనుక ఆ రోజు మంగళవారం. లెక్క సరిపోయింది. దానిలో నుండి 1600984 తీసివేస్తే 198328. 12372తో భాగిస్తే శేషం 376. అది 3031 కంటే తక్కువ. 248తో భాగిస్తే శేషం 128. అంటే కంఠస్థమైన 248 చంద్రవాక్యాలలో 128వ దానిని తీసుకోవాలి. లక్షల రోజుల లెక్క ఒక చిన్న పట్టికలోకి ఒదిగిపోయింది.

ఇంత పెద్ద సంఖ్యలు గుర్తుండేదెలా? సంగీతంలో మేళకర్తలకు వాడే కటపయాది సూత్రమే ఇక్కడా ఆధారం. 248 పేరు ‘దేవరం’: ద-8, వ-4, ర-2. వెనుక నుండి చదివితే 248. అలాగే ‘కలానిలం’ 3031, ‘రసగరిక’ 12372 అవుతాయి. 1600984ను ‘వేదం’ అనేవారు. వ-4, ద-8 అంటే చివరి రెండు అంకెలు 84.

ఒట్టో నాయ్‌గెబౌర్ 1952లో పరిశీలించగా, ఆ గ్రహణ గణనలో ఆరంభానికి 4 నిమిషాలు, మధ్యకు 23, ముగింపుకు 52 నిమిషాల తేడా కనబడింది. ఆ పంచాంగకర్తకు సిద్ధాంతం తెలియదని వారెన్ రాశారు. కావచ్చు. కాని సిద్ధాంతాన్ని ఎరిగినవారు దానిని నాలుగు సంఖ్యలలో భద్రపరచారు. జ్ఞాపకం ఆ సంఖ్యలను శతాబ్దాలు దాటించింది. వాటి అర్థాన్ని తిరిగి తెలుసుకోవడం మన వంతు.