రాస్న: ఒక యోషధినామ చరిత్రము

వైద్యశాస్త్రమున రోగమును గుర్తించుట యొక కష్టము. ఓషధిని గుర్తించుట యంతకంటెఁ గష్టము. రోగము మనుష్యదేహమును విడిచి యెచ్చటికిని బోదు గావున దాని లక్షణములు గ్రంథమున వ్రాయఁబడిన యెడల నెన్ని శతాబ్దములు గడచినను జదువరి దానిని గుర్తింపఁగలఁడు. చరకసంహిత చికిత్సాస్థానమున 28వ యధ్యాయము వాతవ్యాధులను గూర్చినది. వాతము మాంసమేదస్సులను జొచ్చినప్పుడు దేహము బరువెక్కుననియు, కఱ్ఱతోను బిడికిలితోను గొట్టఁబడినట్లు నొచ్చుననియు, రోగి మిక్కిలి బడలియుండుననియు నందుఁ జెప్పఁబడినది. పగలెల్ల వంగి నాట్లువేసిన కూలివానికిని, బస్తాలు మోసిన హమాలీకిని మఱునాఁటి యుదయమునఁ గలుగు కండల నొప్పి యిట్టిదే. ఈ వర్ణనమును జదివి యిది యే బాధ యని యెవరును సందేహింపరు. ఆ బాధకు విధింపఁబడిన మూలిక యేది యని యడిగినప్పుడే సందేహము పుట్టుచున్నది. అట్టి సందేహమునకు ముఖ్యోదాహరణము రాస్న.

ప్రాచీనవైద్యమున రాస్నకుఁ గల స్థానము సామాన్యమైనది కాదు. చరకసంహిత సూత్రస్థానమున 4వ యధ్యాయమందు అనువాసనవస్తికి సాయపడు పది ద్రవ్యముల గణమున మొదటి పేరు రాస్నయే. అదే స్థానమున 25వ యధ్యాయమందు శీతమును బోఁగొట్టు లేపనములలో రాస్నయు నగురువును శ్రేష్ఠములని నిర్ణయింపఁబడినది. 11వ శతాబ్దమున వంగదేశమందున్న చక్రపాణిదత్తుఁడు సంగ్రహించిన యోగములలో రాస్నాసప్తకమను కషాయము గలదు. రాస్న, తిప్పతీఁగ, రేల, దేవదారు, పల్లేరు, ఆముదము, గలిజేరు అను నేడింటిని గాఁచి, శొంఠిపొడి చేర్చి త్రావవలెను. పిక్కలు, తొడలు, ప్రక్కలు, నడుము, వీఁపు నొచ్చువారి కది విధింపఁబడినది. శార్ఙ్గధరసంహిత మధ్యమఖండమందలి మహారాస్నాది క్వాథమునఁ దక్కిన ద్రవ్యము లొక్కొక్క పాలు కాఁగా రాస్న రెండు పాళ్లు. ఈ కషాయములు రెండును నేఁటికిని ఆయుర్వేదౌషధశాలలలోఁ దయారగుచున్నవి. ఇన్ని శతాబ్దములు వైద్యుల చేతిలో నుండిన ద్రవ్య మేదియో యందఱకు నొక్కతీరునఁ దెలిసియుండవలెను. అయినను ఉత్తరదేశపు రాస్న వంగదేశపు రాస్న కాదు. వంగదేశపు రాస్న దక్షిణదేశపు రాస్న కాదు.

ఈ భేదమునకు బీజము కోశములలోనే కలదు. అమరకోశమున వనౌషధివర్గమందు రాస్నాశబ్దము రెండుచోట్లఁ గనఁబడును. ఒకచోట నది నాకులి, గంధనాకులి, నకులేష్ట, భుజంగాక్షి మొదలగు పేర్లతోఁ గలిసియున్నది. వేఱొకచోట ఏలాపర్ణి, యుక్తరస యను పేర్లతోఁ గలిసియున్నది. సువహాశబ్దము రెండుచోట్లను గలదు. మొదటి గణమునందలి పేర్లు ముంగిసను, పామును దలఁపునకుఁ దెచ్చుచున్నవి. అవి విషహరమగు మూలికకుఁ దగిన పేర్లు. రెండవ గణము ఆకును, రసమును జెప్పుచున్నది. ఒక్క శబ్దమే రెండు గణములందుండుటచేత, కోశకారుని కాలమునకే యా పేరు రెండు మొక్కలకుఁ జెల్లుచుండెనని యూహించుట యుక్తము. పిదప రాజనిఘంటుకర్తయగు నరహరి మూల పత్ర తృణ భేదములచే రాస్న మూఁడువిధములని చెప్పి, మొదటి రెండును శ్రేష్ఠములనియుఁ దృణరాస్న మధ్యమమనియు నిర్ణయించెను. 16వ శతాబ్దపు భావమిశ్రుఁడు భావప్రకాశమున రాస్నను, నాకులిని వేర్వేఱుగాఁ బఠించెను. నిఘంటుకారులు భేదము నెఱుఁగుదురనుట కింతకంటె నిదర్శనము వలదు. అయినను మొక్కను జూపఁగల లక్షణము నెవరును స్పష్టముగా వ్రాయలేదు.

లక్షణము లేనిచోట శబ్దమునే ప్రశ్నింపవలసియున్నది. రాస్నాశబ్దము శుక్లయజుర్వేదమున మొలత్రాడను నర్థమునఁ బ్రయోగింపఁబడినది. ఉణాదులలో సాస్నా, స్థూణా, వీణా శబ్దములతోఁ గూడ నిది నిపాతింపఁబడినది. ఈ రెంటివలనను మొక్క యాకారము తెలియదు. ఏలాపర్ణీశబ్దమన్ననో యాకారమునే చెప్పుచున్నది. ఏలకి యాకులవంటి యాకులు గలది యని బహువ్రీహి. పర్ణము, పుష్పము, ఫలము, మూలము మొదలగునవి యుత్తరపదములుగాఁ గల జాతివాచకములకు స్త్రీలింగమున ఙీష్ ప్రత్యయమును విధించు పాణినీయసూత్రముచేత (4-1-64) ఈ రూపము సిద్ధించును. శంఖపుష్పి మొదలగునవి యిట్టివే. కావున ఏలాపర్ణి యనునది కేవలవిశేషణము గాక యొక జాతికి రూఢమైన పేరని ప్రత్యయమే తెలుపుచున్నది. ఏలకి యల్లపు కుటుంబమునకుఁ జెందిన మొక్క. ఆ కుటుంబమునందలి మొక్క యేదైన రాస్న యగునేని యీ పేరు చక్కఁగా నన్వయించును.

అయినను రూఢపదములయందు అవయవార్థమును మితిమీఱి నమ్మరాదు. గంజి త్రాగునది యని విగ్రహము చెప్పఁదగినంతమాత్రాన మండపము గంజి త్రాగదు. వ్యాకరణము త్రోవను జూపఁగలదు గాని మొక్కను దెచ్చి చేతఁ బెట్టఁజాలదు. అందుచేతఁ బ్రతిదేశమునను వైద్యులు వాడిన ద్రవ్యమును బరిశీలింపవలెను.

పంజాబు, రాజస్థానము, ఉత్తరప్రదేశము, గుజరాతు ప్రాంతములలో రాస్న యనఁగాఁ జామంతి కుటుంబమునకుఁ జెందిన యొక చిన్న పొద. వృక్షశాస్త్రజ్ఞులు దీనికిఁ బ్లూకియా లాన్సియోలేటా యని పేరు పెట్టిరి. ఇది యిసుకనేలలందును జౌడునేలలందును బెరుగును. ఔషధమునకు ముఖ్యముగా దీని యాకును గైకొందురు. నరహరి చెప్పిన పత్రరాస్నకు నిది సరిపోవును. ఏలాపర్ణి యను పేరునకు మాత్రము సరిపోదు.

వంగదేశమున వైద్యులు రాస్న యని వాడినది చెట్లకొమ్మలను బట్టుకొని పెరుగు నొక పుష్పజాతి వేరు. దీని చరిత్రమునకు ఆంధ్రదేశముతో సంబంధము గలదు. 1781 మొదలు సామర్లకోటలో నుండి యుత్తరసర్కారుల మొక్కలను బరిశీలించిన విలియం రాక్సుబరో, 1795 మొదలు ప్రచురితమైన కోరమాండలు తీరవృక్షముల గ్రంథమున దీనిని వర్ణించెను. విలియం జోన్సు వాడిన వందా యను సంస్కృతనామమును 1820లో రాబర్టు బ్రౌను శాస్త్రీయనామముగా స్థిరపఱచుటచేత నేఁడు దీనికి వాండా టెస్సెలాటా యని పేరు. సంస్కృతమున వందాశబ్దము చెట్టుపైఁ బెరుగు బదనికను జెప్పును. ఆ శబ్దము కలకత్తానుండి ఐరోపాకుఁ బోయి, యచ్చట నొక పుష్పజాతికంతకును బేరై, లోకమెల్లఁ దోఁటలలోఁ బ్రసిద్ధి కెక్కినది. రాస్నాశబ్దము మాత్రము వైద్యులతోఁ గూడ స్వదేశముననే తిరిగి, తిరిగినచోటెల్ల నొక క్రొత్త యర్థమును దెచ్చుకొన్నది.

దక్షిణదేశమున రాస్న యల్లపు కుటుంబములోనిది. మలయాళమున అరత్త, అరవమున అరత్తై యని పేరొందిన యీ దుంపయే తెలుఁగున దుంపరాష్ట్రము. వృక్షశాస్త్రమున ఆల్పినియా గలంగా. దీని యాకులు ఏలకి యాకులను బోలియుండును గావున ఏలాపర్ణీశబ్దము దీనికిఁ జక్కఁగా నన్వయించును. కాని యిచ్చట నొక చిక్కు గలదు. ఈ మొక్కకు జన్మభూమి తూర్పుద్వీపములును మలయాదేశమును. సంస్కృతనిఘంటువులలో దీనికిఁ గులంజనమని వేఱుపేరు గలదు. అరబ్బుల ఖులంజాను, ఐరోపావారి గలంగ యనునవియు నా శబ్దమునకుఁ జుట్టములే. వర్తకముతోఁ గూడ సముద్రముమీఁద వచ్చిన యీ దుంప మలబారు తీరమునఁ బాదుకొని, స్వదేశపు పేరు నొకదానిని ధరించి, క్రమముగా స్వదేశీయమైనది. 19వ శతాబ్దపు చివరిభాగమునుండి మలయా తోఁటలకుఁ గూలికిఁ బోయిన తెలుఁగువా రడుగుపెట్టిన దేశ మీ దుంపకుఁ బుట్టినిల్లే. ఇచ్చట నొడలు నొప్పులకుఁ గషాయమున వేయు దుంప యచ్చట లెంకువాసను పేర నిత్యము కూరలలోఁ బడుచున్నది. ఒకచోట మందైనది వేఱొకచోట సంబారము.

తెలుఁగుపేరును గొంత విచారింపఁదగియున్నది. దుంపరాష్ట్రమున రాష్ట్రశబ్దమునకు దేశమను నర్థము పొసఁగదు. రాస్నయే జనుల నోటఁ బడి రాష్ట్రమైనదని తోఁచుచున్నది. నేఁటి యౌషధనామావళులలో సన్నరాష్ట్రమను పేరు ప్లూకియాకుఁ దెలుఁగుపర్యాయముగాఁ జూపఁబడుచున్నది. శబ్దము చెడినను వ్యవహారము చెడలేదు. పండితుల కోశములు రెండు మొక్కల నొక్క పేరుతోఁ జెప్పఁగా, మూలికలమ్ము వారు దుంప యనియు, సన్న యనియు విశేషణములు చేర్చి వేఱుచేసికొనిరి.

ఇట్టి భేదము వైద్యుల వంచనవలనఁ గలిగినదని తలఁపరాదు. గ్రంథము శ్లోకమును గాపాడెను. మొక్కను గాపాడినవాఁడు అడవినుండి మూలికలు తెచ్చు వనచరుఁడు. ఆ వనచరుఁడు ఒక్కొక్క దేశమున నొక్కొక్కఁడు. ఉత్తరదేశపు జౌడునేలలోని పొద మలబారు వానలలో మొలవదు. రోగి వాకిట నిలిచియుండఁగా వైద్యుఁడు దొరకినదానిని గైకొనక తప్పదు. ద్రవ్యము దొరకనప్పుడు ప్రతినిధిద్రవ్యమును గైకొనవచ్చునని భావప్రకాశాదులు స్పష్టముగాఁ జెప్పుచున్నవి. కొన్ని తరములు గడచిన పిమ్మట ప్రతినిధి ప్రతినిధియను మాట మఱవఁబడి, యదియే ముఖ్యద్రవ్యమగును.

ఈ సందర్భమున వ్యాకరణమునందలి స్థానివద్భావము జ్ఞప్తికి వచ్చుచున్నది. ఆదేశము స్థానియొక్క ధర్మములను బొందునని పాణిని విధించెను. కాని వర్ణమును ఆశ్రయించిన విధులయందు మాత్ర మది చెల్లదని వెంటనే నిషేధించెను. ద్రవ్యములకును నిదియే న్యాయము. ప్రతినిధియగు మూలిక రాస్న యను పేరును, కషాయమున రాస్నకుఁ గల స్థానమును బొందవచ్చును. దాని ఘటకద్రవ్యముల నాశ్రయించిన గుణములు మాత్రము పేరుతోఁ గూడ రావు. ఒకటి ఆకు, ఒకటి వేరు, ఒకటి దుంప. మూఁడింటికిని గుణము లొక్కటియే యని పేరునుబట్టి నిర్ణయించుట యా నిషేధమును మఱచుట.

ఆధునికపరీక్షలను జదువునప్పుడును నీ వివేకమే కావలయును. 2001లో అమెరికాలో మోకాలి కీలు అరిగి నొప్పిపడుచున్న 247 మందియందు, అల్లమునుండియు గలంగానుండియుఁ దీసిన సారములను గలిపి యాఱువారములు పరీక్షించిరి. నిలుచున్నప్పటి నొప్పి తగినంతగాఁ దగ్గినవారు, మందు పుచ్చుకొన్నవారిలో నూటికి 63 మంది. మందులేని మాత్రను బుచ్చుకొన్నవారిలో 50 మంది. మందు పుచ్చుకొన్నవారిలో స్వల్పమైన కడుపుబాధలు హెచ్చుగాఁ గనఁబడినవి. దీనివలన రాస్న గుణము ఋజువైనదనుట సాహసము. అది కీలునొప్పి గాని కండల నొప్పి కాదు. రెండు ద్రవ్యములు కలిసినందున గలంగా పాలెంతయో తెలియదు. ప్లూకియాకును వాండాకును దానితో సంబంధమే లేదు.

కండల నొప్పిని గూర్చి 2010లో ప్రకటింపఁబడిన జార్జియా విశ్వవిద్యాలయపరీక్ష వేఱు. 34 మందియొక జట్టును, 40 మందియొక జట్టును గైకొని, దినమునకు 2 గ్రాముల చొప్పున 11 దినములు కొందఱకు అల్లపుపొడి నిచ్చి, చేతికండలకు శ్రమ గలిగించిరి. మఱునాఁటి నొప్పి పచ్చిపొడి పుచ్చుకొన్నవారికి నూటికి 25 పాళ్లు, కాఁచినది పుచ్చుకొన్నవారికి 23 పాళ్లు తక్కువగా నుండెను. పరీక్ష చిన్నది; నిర్ణయమును మితముగానే యుండవలెను. కాని రాస్నాసప్తకమునఁ దుదను జేర్చు శొంఠిపొడి యీ యల్లమే. కండల నొప్పి విషయమునఁ బరీక్షకు నిలిచినది ప్రధానమగు రాస్న కాదు, అనుపానమగు శొంఠి. అందునకుఁ గారణమును స్పష్టమే. శొంఠి యనఁగా హిమాలయమునుండి సేతువువఱకు నొక్కటియే మొక్క. పేరు నిలుకడగా నున్నచోటనే పరీక్షయు నిలుచును.

భారతప్రభుత్వము ప్రకటించిన ఆయుర్వేద భేషజసంహితయందు రాస్న యనఁగాఁ బ్లూకియా యాకనియు, గలంగా దుంప కులంజనమనియు నిర్ణయింపఁబడినది. ఈ నిర్ణయము వ్యవహారమునకు మేలు చేసినది; చరకుని రాస్న యేదియను ప్రశ్నను మాత్రము దీర్పలేదు. దక్షిణదేశపు వైద్యులు తరతరములుగా దుంపతోఁ గాఁచిన కషాయముల యనుభవమును ఆకునకు, ఆకు ననుభవమును దుంపకు నంటఁగట్టుట యుచితము కాదు.

కావున వైద్యగ్రంథములకుఁ దెలుఁగుటీకలు వ్రాయువారును, పాఠశాలలలో అమరము చెప్పువారును రాస్న యనునొక మందుచెట్టు అని విడిచిపెట్టక, ఏ దేశపు వ్యవహారమున నేది, ఆకా వేరా దుంపయా యని చేర్చి వ్రాయుట కర్తవ్యము. ఒకపంక్తి పెరుఁగుటవలన టీకకు లోపము లేదు. నొప్పితో మంచము పట్టినవాఁడు త్రాగునది శబ్దమును గాదు, ద్రవ్యమును.