బూచాణ్ణి పిలిస్తే సరిపోదు

మొన్న మా కోడలు మనవడికి పెరుగన్నం పెడుతూ, "తినకపోతే బూచాడొస్తాడు" అంది. పక్క గదిలో లాప్‌టాప్ ముందు కూర్చున్న మా చిన్నాడు చివ్వున లేచొచ్చి, "వాడికి ఆ మాట మాత్రం చెప్పకు" అన్నాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి అలా అనేసరికి ఆ పిల్ల బిత్తరపోయింది. నేను తల దించుకున్నాను. ఎందుకో చెప్పాలంటే చాలా ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

1998లో మేం తెనాలిలో ఉండేవాళ్ళం. పెద్దాడికి తొమ్మిదేళ్ళు, చిన్నాడికి ఐదు. కేబుల్ టీవీలో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కుస్తీలు, స్కూల్లో ట్రంప్ కార్డులు, ఇంట్లో పరుపు మీద కుస్తీలు. "అండర్‌టేకర్ ఏడుసార్లు చచ్చి బతికాడంటమ్మా" అని పెద్దాడు ఒట్టేసి మరీ చెప్పేవాడు. టీవీలో లైట్లారిపోయి, గంట మోగి, ఆ నల్లబట్టల మనిషి నింపాదిగా నడిచొస్తుంటే చిన్నాడు నా కొంగు పట్టుకునేవాడు. అన్నం దగ్గర మారాం చేసే పిల్లాడికి ఇంతకన్నా మంచి మందేముంది అనుకున్నాను. "అండర్‌టేకర్ని పిలవనా?" అనగానే ముద్ద లోపలికి పోయేది. అన్నానికీ ఆయనే, పాలకీ ఆయనే, హోంవర్కుకీ ఆయనే.

ఓ రాత్రి అన్నాలు తింటుండగా కరెంటు పోయింది. మాకది మామూలే. కానీ టీవీలో ఆయనొచ్చే ముందు కూడా లైట్లారిపోతాయి కదా! చిన్నాడు పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. తెల్లారేసరికి జ్వరం. ఏడాదిపాటు రాత్రిళ్ళు ఒక్కడే బాత్రూంకి వెళ్ళలేదు, పక్క తడుపుతూనే ఉన్నాడు. "అదంతా ఉత్తిదేరా" అంటే నమ్మలేదు. రోజూ నిజమని చెప్పింది నేనే మరి.

మొన్న రాత్రి వాడూ నేనూ కూర్చుని ఆ సంగతులే మాట్లాడుకున్నాం. పెద్దయ్యాక వాడు ఆ కుస్తీల చరిత్రంతా చదివాడట. భయం పోవడానికేమో, నేనడగలేదు.

కుస్తీ వాళ్ళ భాషలో బుకింగ్ అనే మాటుందట. టికెట్ల బుకింగ్ కాదు. ఎవరు గెలవాలి, ఎవరు ఓడాలి, ఎప్పుడు, ఎలా అని ముందే అల్లుకోవడం. అందులో రాక్షసుడి పాత్రని నడపడమే కష్టమట. తరచూ ఓడిస్తే ఎవరూ భయపడరు. ఎప్పటికీ ఓడించకపోతే కథ ముందుకు కదలదు.

అండర్‌టేకర్ అంటే శవాల్ని సాగనంపేవాడు, మన కాటికాపరి లాంటివాడు. ఆ వేషం కట్టింది టెక్సాస్‌కి చెందిన మార్క్ కాలవే. 1990 నవంబరు 22న హార్ట్‌ఫర్డ్‌లో జరిగిన సర్వైవర్ సిరీస్‌లో మొదటిసారి కనిపించాడు. వచ్చిన కాసేపటికే కోకో బి వేర్‌ని తలకిందులుగా ఎత్తి కుదేశాడు, ఆ తర్వాత డస్టీ రోడ్స్‌నీ ఓడించాడు. మరి ఆయన్ని ఎలా బయటికి పంపారు? ఎవరూ ఓడించలేదు. రింగు బయట కొట్లాటలో పడి, లెక్క ముగిసేలోగా లోపలికి రాలేదు, అంతే. మొదటి రోజే ఆయన భుజాలు నేలకానించలేదన్నమాట. దెబ్బ తగిలితే మూలగడు. పడిపోతే శవంలా లేచి కూర్చుంటాడు. మాట్లాడడు. ఆయన తరఫున మాట్లాడ్డానికి అస్థికల కలశం పట్టుకుని పాల్ బేరర్ ఉండేవాడు. ఆ వేషం కట్టిన విలియం మూడీ నిజ జీవితంలోనూ ఆ అంత్యక్రియల పని చేసినవాడే! ఏడాది తిరిగేసరికి హల్క్ హోగన్ అంతటివాణ్ణి ఓడించి అండర్‌టేకర్ ఛాంపియనయ్యాడు. ఆరు రోజులకే ఆ బెల్టు మళ్ళీ హోగన్‌కి పోయింది. అయినా భయం తగ్గలేదు. అది బెల్టులో లేదు కదా.

ఆయన్ని భయపెట్టేవాణ్ణి తేవడానికి ఇంకా ఓపిగ్గా అల్లారు. చిన్నప్పుడు ఇల్లు తగలబడి చనిపోయాడనుకున్న తమ్ముడు కేన్ బతికే ఉన్నాడని, 1997లో నెలల తరబడి పాల్ బేరర్ చేత చెప్పించారు. మనిషి మాత్రం కనబడడు. అక్టోబరు 5న సెయింట్ లూయిస్‌లో, ఇనప బోను తలుపు ఊడబెరుక్కుని, ముసుగేసుకుని వచ్చాడు. అన్న వేసే పట్టునే అన్నమీద వేసి వెళ్ళిపోయాడు. తమ్ముడితో కొట్లాడనని అన్న నెలల పాటు తప్పుకుంటూ వచ్చాడు. చివరికి 1998 మార్చి 29న బోస్టన్‌లో, రెసిల్‌మేనియాలో తలపడ్డారు. తమ్ముణ్ణి మూడుసార్లు కుదేస్తే గానీ అన్న గెలవలేదు. ఓడిన తమ్ముడు మళ్ళీ లేచి అన్నని కొట్టి మరీ వెళ్ళాడు. ఓడినా వాడి మీద భయం పోలేదు.

ఆ కేన్ వేషం కట్టిన గ్లెన్ జేకబ్స్‌కి అంతకుముందు పళ్ళ డాక్టరు వేషం ఇచ్చారట! ఎవరూ భయపడలేదు. అదే మనిషి, అదే ఒడ్డూ పొడుగూ. 2003లో కేన్ ముసుగు తీయించారు. లోపల మామూలు మొహమే. 2018లో ఆయన టెనెసీలోని నాక్స్ కౌంటీకి మేయరయ్యాడు.

మన హిమాచల్ ప్రదేశ్ మనిషి ఖలీ కూడా అంతే. 2006లో వస్తూనే అండర్‌టేకర్‌ని చితక్కొట్టి హడలెత్తించాడు. తర్వాత ఆయన్నే ముద్దుల తమాషాలకి వాడేసరికి పిల్లలు నవ్వడం మొదలెట్టారు.

ఇదంతా విన్నాక నాకొకటి తట్టింది. వాళ్ళు రాక్షసుణ్ణి పొదుపుగా వాడారు, నేను పూటకోసారి పిలిచాను. అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి. వాళ్ళకి వాణ్ణి ఎవరు ఓడిస్తారో ముందే తెలుసు. నేను ఇంట్లోకి పిలిచానే గానీ, ఎలా పంపించాలో ఆలోచించలేదు.

"మరి అప్పుడు నేనేం చేసుండాల్సిందిరా?" అనడిగాను.

వాడు కాసేపు ఆలోచించి, "నాన్న వాణ్ణి కొట్టి పంపించేశాడని చెప్పుంటే సరిపోయేదమ్మా. నాన్న ఎవరినైనా కొట్టగలడనుకునేవాణ్ణి అప్పుడు" అన్నాడు.

ఆ పక్కనే పేపరు చదువుకుంటున్న మా వారు పేపరు దించలేదు. కానీ పేజీ కూడా తిప్పలేదు.

వాళ్ళింట్లో రాత్రంతా బాత్రూం లైటు వెలుగుతూనే ఉంటుంది. అది బాబు కోసమని మా కోడలు అనుకుంటుంది. నేనింకా చెప్పలేదు.