బ్రిట్నీ స్పియర్స్: కోట్లు సంపాదించినా సొంత లాయర్‌ను పెట్టుకోలేకపోయిన పాప్ స్టార్

2021 జూన్ 23న లాస్ ఏంజిలెస్ కోర్టు జడ్జితో 39 ఏళ్ల మహిళ ఒకరు ఫోన్‌లో 20 నిమిషాలకు పైగా మాట్లాడింది. తనకు ఇష్టం లేకున్నా లిథియం మందు ఇచ్చారని ఆరోపించింది. ఇంకో బిడ్డను కనాలని ఉన్నా, గర్భం రాకుండా వేసిన లూప్ తీయించుకోవడానికి డాక్టర్ దగ్గరికి వెళ్లనివ్వడం లేదని చెప్పింది. తన జీవితం తనకు తిరిగి ఇప్పించాలని వేడుకుంది. ఆ మహిళ పేరు బ్రిట్నీ స్పియర్స్. ఒకప్పుడు ప్రపంచాన్ని ఊపేసిన పాప్ స్టార్.

బ్రిట్నీ 1981 డిసెంబర్ 2న మిసిసిపీ రాష్ట్రంలోని మెక్‌కోంబ్‌లో పుట్టింది. పెరిగింది మాత్రం లూసియానాలోని కెంట్‌వుడ్ అనే చిన్న ఊళ్లో. పదకొండేళ్లకే డిస్నీ టీవీ షో 'మిక్కీ మౌస్ క్లబ్'లో చేరింది. జస్టిన్ టింబర్‌లేక్, క్రిస్టినా అగిలేరా, ర్యాన్ గోస్లింగ్ ఆ షోలో ఆమెతో పాటు ఉన్న పిల్లలే.

1998లో వచ్చిన 'బేబీ వన్ మోర్ టైమ్' పాట ఆమె జాతకాన్నే మార్చేసింది. స్వీడన్‌కు చెందిన మ్యాక్స్ మార్టిన్ రాసిన ఈ పాటను అంతకుముందు టీఎల్‌సీ అనే గ్రూప్ వద్దనుకుంది. 1999 జనవరిలో ఈ పాట, అదే పేరుతో వచ్చిన ఆల్బమ్ రెండూ ఒకేసారి అమెరికా చార్టుల్లో నంబర్ వన్‌గా నిలిచాయి. అప్పటికి ఆమె వయసు 17. ఆ మరుసటి ఏడాది వచ్చిన రెండో ఆల్బమ్ తొలి వారంలోనే అమెరికాలో 13 లక్షలకు పైగా కాపీలు అమ్ముడైంది. మహిళా గాయనుల్లో ఈ రికార్డును 2015లో అడెల్ వచ్చేదాకా ఎవరూ కదిలించలేకపోయారు.

బ్రిట్నీకి ఇప్పటిదాకా వచ్చిన ఒకే ఒక్క గ్రామీ 'టాక్సిక్' పాటకు. ఆ పాటలో పదేపదే వచ్చే వయొలిన్ బిట్ ఎక్కడో విన్నట్టు అనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. అది 'ఏక్ దూజే కే లియే' సినిమాలో లతా మంగేష్కర్, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పాడిన 'తేరే మేరే బీచ్ మే' నుంచి తీసుకున్నదే. ఆ హిందీ సినిమా మరేదో కాదు, మన 'మరో చరిత్ర' రీమేక్!

ఇక అసలు కష్టాలు 2006 చివర్లో మొదలయ్యాయి. ఇద్దరు చిన్న పిల్లలు, భర్త కెవిన్ ఫెడర్‌లైన్‌తో విడాకుల కేసు, ఇంటి గేటు దాటితే చాలు కెమెరాలు. 2007 ఫిబ్రవరిలో ఓ సెలూన్‌లో తన చేతులతోనే గుండు గీసుకుంది. ఆ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. పిల్లలకు దూరమైన తల్లి ఎలా ఉందన్న సంగతి కంటే ఆమె మీద జోకులే ఎక్కువ నడిచాయి.

2008 ఫిబ్రవరి 1న కోర్టు ఆమెను కన్జర్వేటర్‌షిప్ కిందికి తెచ్చింది. అంటే మన దగ్గర గార్డియన్‌ను పెట్టడం లాంటిదే. తమ పనులు తాము చూసుకోలేని వాళ్లు, మతిమరుపు వచ్చిన వృద్ధుల కోసం ఎక్కువగా వాడే ఏర్పాటు ఇది. తండ్రి జేమీ స్పియర్స్ చేతికి ఆమె ఆస్తితో పాటు వైద్యం, ఎవరిని కలవాలి వంటి నిర్ణయాలూ వెళ్లాయి. సొంతంగా లాయర్‌ను పెట్టుకుందామన్నా, ఆ నిర్ణయం తీసుకునే స్థితిలో ఆమె లేదని కోర్టు తేల్చేసింది. పైగా కోర్టు పెట్టిన లాయర్‌కు, తండ్రి తరఫు లాయర్లకు కూడా ఫీజు ఆమె డబ్బులోంచే.

ఇక్కడే ఎవరికీ మింగుడుపడని విషయం ఉంది. తన పనులు తాను చూసుకోలేదన్న ఈ మనిషే రెండు నెలలు తిరక్కుండా ఓ టీవీ కామెడీ సిరీస్‌లో కనిపించింది. ఆ ఏడాది డిసెంబర్‌లో 'సర్కస్' ఆల్బమ్‌తో మళ్లీ నంబర్ వన్ అయింది. 2013 చివరి నుంచి 2017 దాకా లాస్ వేగాస్‌లో దాదాపు 250 షోలు చేసింది. టికెట్ల మీద వచ్చింది 13 కోట్ల డాలర్లకు పైనే. ఈ ఏర్పాటు తనను అణచివేస్తోందని ఆమె 2016లోనే కోర్టు విచారణాధికారికి చెప్పినట్టు న్యూయార్క్ టైమ్స్ తర్వాత బయటపెట్టింది. అయినా ఇంకో ఐదేళ్లు అదే నడిచింది.

2019లో కొత్త వేగాస్ షో రద్దయ్యాక అభిమానుల్లో అనుమానాలు పెరిగాయి. 'ఫ్రీ బ్రిట్నీ' నినాదంతో కోర్టు బయట ప్లకార్డులు పట్టుకున్నారు. మొదట్లో వీళ్లను పిచ్చి ఫ్యాన్స్ అని కొట్టిపారేసిన వాళ్లే ఎక్కువ. 2021 ఫిబ్రవరిలో వచ్చిన 'ఫ్రేమింగ్ బ్రిట్నీ స్పియర్స్' డాక్యుమెంటరీ సీన్ మార్చేసింది. జూన్‌లో ఆమె స్వయంగా నోరు విప్పింది. జూలైలో సొంత లాయర్‌ను ఎంచుకునే హక్కు వచ్చింది. సెప్టెంబర్‌లో తండ్రిని పక్కనపెట్టారు. చివరికి నవంబర్ 12న జడ్జి బ్రెండా పెన్నీ 13 ఏళ్లకు పైగా సాగిన కన్జర్వేటర్‌షిప్‌ను రద్దు చేశారు. మరోవైపు కాలిఫోర్నియా ప్రభుత్వం కూడా ఇలాంటి కేసుల్లో ఎవరికి వారే లాయర్‌ను ఎంచుకునేలా చట్టం మార్చింది. తాను చేసిందంతా కూతురి మంచి కోసమేనని జేమీ చెబుతూ వచ్చాడు.

ఆ తర్వాత బ్రిట్నీ 2022లో శామ్ అస్గారీని పెళ్లి చేసుకుంది. ఏడాదికే విడిపోయారు. ఎల్టన్ జాన్‌తో కలిసి ఓ పాట పాడింది. 2023 అక్టోబర్‌లో వచ్చిన ఆత్మకథ 'ద వుమన్ ఇన్ మి' అమెరికాలో తొలి వారంలోనే 11 లక్షల కాపీలు అమ్ముడైంది. కొత్త ఆల్బమ్ వస్తోందన్న వార్తలను మాత్రం 2024 జనవరిలో ఇన్‌స్టాగ్రామ్‌లో ఖండించింది. మ్యూజిక్ ఇండస్ట్రీకి ఇక తిరిగి రానని తేల్చి చెప్పింది. రెండేళ్లలో వేరేవాళ్ల కోసం 20కి పైగా పాటలు రాశానని కూడా అదే పోస్టులో చెప్పుకొచ్చింది.