కోల్చిసిన్

కోల్చిసిన్ మొక్కల్లో పుట్టే విషం. ఐరోపా పచ్చికబయళ్లలో శరత్కాలాన లేత ఊదా పూలు పూసే కోల్చికం దుంపల్లో, గింజల్లో ఇది దొరుకుతుంది. మన కంచెల మీద వానాకాలంలో ఎరుపు, పసుపు రేకులతో మంటలా విచ్చుకునే అగ్నిశిఖ (అడవినాభి) దుంపలోనూ ఉంది. ఆ దుంప తిని ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు.

గౌట్ అనే కీళ్లవాపుకు కోల్చికం జాతి దుంపను 6వ శతాబ్దంలోనే ట్రాలెస్ నగర వైద్యుడు అలెగ్జాండర్ సూచించాడు. 1820లో పారిస్‌లో పెల్లెటియే, కవాంటూ దాని సారాన్ని వేరుచేశారు. క్వినైన్‌ను వేరుచేసిందీ ఈ జంటే.

అయితే ఈ విషం మందుగా చేసిన మేలుకన్నా పరిశోధకుల చేతిలో పనిముట్టుగా చేసిన మేలే పెద్దది. కోల్చిసిన్ తగిలిన కణం విభజన మొదలుపెడుతుంది, కానీ పూర్తిచేయలేదు. క్రోమోజోములను చెరోవైపుకు లాగే కండె తంతువులు ఏర్పడవు. క్రోమోజోములు కురచగా, లావుగా, విడివిడిగా ఉన్న దశలోనే అంతా ఆగిపోతుంది. లెక్కపెట్టడానికి అంతకన్నా అనువైన సమయం లేదు.

మనిషి కణంలో 48 క్రోమోజోములు ఉంటాయని అప్పట్లో పాఠ్యపుస్తకాలు చెప్పేవి. 1955 డిసెంబరులో స్వీడన్‌లోని లుండ్‌లో జో హిన్ ట్జియో పిండపు ఊపిరితిత్తుల కణాలకు కోల్చిసిన్ పెట్టి చూశాడు. 46 మాత్రమే కనిపించాయి. ఆల్బర్ట్ లెవాన్‌తో కలిసి 1956లో ఆ సంగతి ప్రచురించాడు. లెక్క సరిపడ్డాకే తేడాలు పట్టుబడ్డాయి: 1959లో జెరోమ్ లెజ్యూన్ బృందం డౌన్ సిండ్రోమ్‌కు అదనంగా ఉన్న 21వ క్రోమోజోము కారణమని చూపింది.

ఇంతకీ విషం పట్టుకునేది దేన్ని? షికాగోలో గ్యారీ బోరిసీ, ఎడ్విన్ టేలర్ కోల్చిసిన్‌కు రేడియోధార్మిక హైడ్రోజన్ తగిలించి, అది వెళ్లి అతుక్కునే ప్రోటీన్‌ను 1967లో పట్టుకున్నారు. నాడీకణాలు సాధారణంగా విభజన చెందవు. అయినా ఆ ప్రోటీన్ మెదడులో కుప్పలుగా కనిపించింది. కండె తంతువులకూ, నాడీకణాల పొడవాటి తోకల్లోని సన్నని గొట్టాలకూ ముడిసరుకు ఒకటేనని అలా తేలింది. 1968లో దానికి ట్యూబ్యులిన్ అని పేరుపెట్టారు.

బిళ్ళగన్నేరు నుంచి వచ్చిన విన్‌బ్లాస్టిన్ కూడా ఈ ప్రోటీన్‌నే పట్టి గొట్టాలు కట్టనివ్వదు. యూ చెట్టు బెరడులో దొరికిన టాక్సాల్ అందుకు విరుద్ధంగా కట్టిన గొట్టాలను విడిపోనివ్వదని సూసన్ హోర్విట్జ్ 1979లో చూపింది. ఈ రెండూ క్యాన్సర్ మందులయ్యాయి. కోల్చిసిన్ కాలేదు, కణితిని ఆపగల మోతాదు రోగికీ ప్రమాదకరమే. తక్కువ మోతాదులో మాత్రం అది వాపును తగ్గిస్తుంది. గుండెజబ్బు ఉన్నవారిలో గుండెపోటు ముప్పు తగ్గించడానికి రోజుకు 0.5 మిల్లీగ్రాముల మాత్రను 2023లో అమెరికా ఆమోదించింది.