ప్రవాస తెలుగు యువత: భాషా వారసత్వం

తెలుగు నేల విడిచి వెళ్లిన కుటుంబాల్లో పుట్టిన పిల్లలు తాతముత్తాతల భాషను, పాటను, పండుగను నిలుపుకోవడానికి చేస్తూ వచ్చిన ప్రయత్నాల చరిత్ర ఇది. పందొమ్మిదో శతాబ్దపు చెరకు తోటల్లో మొదలై, నేటి అమెరికా వారాంతపు బడుల దాకా వచ్చింది. ఇందులో గెలిచిన ఊళ్లూ ఉన్నాయి, ఓడిన ఊళ్లూ ఉన్నాయి.

సరిహద్దు పక్కనే

భాష ఎలా నిలుస్తుందో అర్థం చేసుకోవడానికి సముద్రం దాటనక్కర్లేదు. శ్రీ సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలంలో కొడికొండ చెక్‌పోస్టు దాటితే కర్ణాటక. అక్కడి బాగేపల్లిలో ఎక్కువ ఇళ్లలో మాట తెలుగే, బడిలో చదువు కన్నడం. పిల్లలు కన్నడ అక్షరాలు దిద్ది, ఇంటికొచ్చి జేజితో, అంటే నాయనమ్మతో, తెలుగులో పోట్లాడతారు. చదవడం, రాయడం రాకున్నా తెలుగు అక్కడ తరాలుగా బతికి ఉందంటే ఊరంతా దాన్ని మాట్లాడుతోంది కాబట్టి. పాట కూడా తోడైంది. జనం కైవార తాతయ్య అని పిలుచుకునే యోగి నారేయణ యతీంద్రుడు తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు కట్టాడు. ఆయన తెలుగు కీర్తనలను ఆ ప్రాంతపు భజనల్లో ఇప్పటికీ పాడతారు.

ఊరూ లేక, బడీ లేక ఒక్క ఇల్లే మిగిలిన చోట ఏమవుతుందన్నదే ప్రవాసుల అసలు ప్రశ్న.

చెరకు తోటల తరాలు

బానిసత్వ రద్దు చట్టం వచ్చాక మారిషస్ చెరకు తోటలకు 1834 నుంచి భారతీయ ఒప్పంద కూలీలను తరలించారు. తెలుగువాళ్లు ఎక్కువగా కోస్తా జిల్లాల నుంచి వెళ్లారు. కోరంగి రేవు పేరు మీద వాళ్లను అక్కడ కొరింగీలు అన్నారు. కొన్ని తరాలకే ఇంటి మాట క్రియోల్ అయింది. అయినా దీపం చుట్టూ తిరుగుతూ పాడే రామభజనం, అమ్మోరు పండుగ, సింహాద్రి అప్పన్న పూజ నిలిచాయి. మాట్లాడటం మరిచిపోయిన పిల్లాడు కూడా భజనలో తెలుగే పాడతాడు. నా దృష్టిలో మారిషస్ తెలుగును అన్నిటికన్నా ముందు కాపాడింది ఈ భజనే. బడి ఆ తరువాత వచ్చి దానికి బలమైంది. 1947లో ఆంధ్ర మహాసభ ఏర్పడింది. ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు ఐచ్ఛిక భాష అయింది. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో పై చదువుకు దారి దొరికింది. ఉగాదికి దేశమంతటా సెలవు ఇస్తారు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది కూడా అక్కడే.

దక్షిణాఫ్రికా కథ ఇంత సంతోషంగా లేదు. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది. నేటాల్‌కు కూలీల తరలింపు 1911 దాకా సాగింది. అక్కడి తెలుగువాళ్లు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు, సాయంత్రం బడులు నడిపారు. కానీ పట్నం ఉద్యోగాలు, ఇంగ్లీషు చదువులు ఇంటి భాషను మార్చేశాయి. నాయుడు నైడూగా ఇంటిపేరులో మిగిలాడు, మాట మాత్రం చాలా ఇళ్లలో జారిపోయింది. ఆ దేశపు 1996 రాజ్యాంగం గౌరవించి ప్రోత్సహించాలన్న భాషల్లో తెలుగు పేరు ఉంది. గర్వపడాల్సిన విషయమే, కానీ అప్పటికే ఆలస్యమైంది.

మన గడ్డ మీద పరాయి పిల్లలు

భాషను నిలుపుకునే ఇలాంటి ప్రయత్నం ఒకటి పరాయి దేశపు పిల్లల కోసం మన దేశంలోనే జరిగింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సోవియట్ యూనియన్‌లోకి బలవంతంగా తరలిపోయి, అక్కడి నుంచి బయటపడ్డ పోలండ్ పిల్లలకు 1942లో నవానగర్ మహారాజు దిగ్విజయ్‌సింహ్‌జీ బాలాచడిలో ఆశ్రయమిచ్చాడు. కొల్హాపూర్ దగ్గరి వళివడేలో 1943 నుంచి 1948 దాకా దాదాపు 5,000 మంది పోలిష్ శరణార్థులున్నారు, ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు. రేపు ఏ దేశంలో ఉంటారో తెలియని స్థితిలోనూ ముందు బడి తెరిచారు. పోలిష్‌లో పాఠాలు చెప్పారు, చర్చి కట్టుకున్నారు, స్కౌటు దళాలు నడిపారు. ఇల్లు సర్దుకున్నాక భాష సంగతి చూద్దామనుకునే తల్లిదండ్రులు ఈ శిబిరాన్ని గుర్తు చేసుకోవాలి.

అమెరికా: వారాంతపు బడి

1965 వలస చట్టం తరువాత అమెరికాకు డాక్టర్లు, ఇంజినీర్లు వెళ్లారు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వెల్చేరు నారాయణరావు 1971 నుంచి దశాబ్దాలపాటు తెలుగు బోధించారు. ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) 1977లో పుట్టింది. సంఘాల సభలు పెద్దవాళ్లకు ఊరి బెంగ తీర్చాయి గానీ, రెండేళ్లకోసారి జరిగే సభతో పిల్లలకు అక్షరాలు రావు. ఆ లోటు తీర్చడానికి సిలికానాంధ్ర సంస్థ 2007లో మనబడి మొదలుపెట్టింది. స్వచ్ఛంద గురువులు వారానికోసారి తరగతి చెబుతారు. ప్రవేశం, ప్రసూనం అంటూ మెట్లు మెట్లుగా చదువు సాగుతుంది. పరీక్షలకు పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయం గుర్తింపునిచ్చింది. 2016లో కాలిఫోర్నియాలోని మిల్పీటస్‌లో సిలికానాంధ్ర విశ్వవిద్యాలయం వచ్చింది. 2010, 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవారు 86 శాతం పెరిగి నాలుగు లక్షలు దాటారు. ఈ పెరుగుదల చాలావరకు కొత్తగా దిగినవాళ్ల వల్ల వచ్చింది. పిల్లల నోట తెలుగు నిలుస్తుందో లేదో ఈ లెక్క చెప్పదు.

పుస్తకంలో లేని తెలుగు

ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే అనంతపురం పీఠభూమి నుంచి పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు ముందు బెంగళూరు చేరతారు. దేవనహళ్లి విమానాశ్రయం 2008లో తెరిచాక విదేశాల దారి చిలమత్తూరుకు రెండు గంటల లోపు దూరమైంది. అలా వెళ్లిన ఇంట్లో పుట్టిన పాప వారాంతపు బడిలో ఉగాదికి బొబ్బట్లు చేస్తారని నేర్చుకుంటుంది. ఫోనులో జేజి చూపించేది ఓళిగ. పెనం మీద నెయ్యి పూస్తూ, "యాడుండావే, రా, తిందువు గానీ" అంటుంది. పాప పుస్తకంలో "యాడ" లేదు, "ఎక్కడ" ఉంది. వేరుశనగ ఉంది, చెనిక్కాయ లేదు. సంగటిలోకి నంజుకునే ఊరిబిండి అసలే లేదు.

అందరికీ ఒకే వాచకం ఉండక తప్పదు. దాన్ని తప్పు పట్టడం న్యాయం కాదు. కానీ వాచకపు తెలుగొక్కటే వస్తే జేజి మాట సగమే అందుతుంది. మిగతా సగం నేర్పాల్సింది ఇల్లే. చిలమత్తూరు, లేపాక్షి, హిందూపురం వైపు నుంచి వెళ్లిన అమ్మానాన్నలకు ఒక విన్నపం: ఈ ఉగాదికి పిల్లల చేత బొబ్బట్టు అని రాయించండి, ఓళిగ అని పిలిపించండి. జేజి మాట్లాడుతున్నప్పుడు ఫోనులో రికార్డు చేసి దాచండి.